పెళ్లి నుంచి తిరిగొచ్చిన గుర్రం

కొత్తగూడెం నుంచి భద్రాచలం పోయే రోడ్డు పాల్వంచ మీదుగానే వెళ్తుంది. విజయవాడ వైపు నుంచి బస్తర్ అడవుల్లోని జగదల్‌పూర్ దాకా, ఆపైకీ సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఇది. ఒక పక్క థర్మల్ కేంద్రం, ఇంకో పక్క కిన్నెరసాని అడవి. మధ్యలో లారీలు, బస్సులు, పెద్దమ్మ తల్లి గుడికి పోయే ఆటోలు. ముహూర్తాల రోజుల్లో ఇలాంటి రోడ్ల మీదే ట్రాలీ బండిలో నిలబడి ప్రయాణం చేసే తెల్ల గుర్రం కూడా కనిపిస్తుంది. మెడలో పూసలు, నుదుట కుచ్చు. ఇవాళ ఒక ఊళ్లో ఊరేగింపు, రేపు ఇంకో ఊళ్లో. పెళ్లికొడుకును దించేశాక అది తన పాకకు తిరిగొస్తుంది. గుర్రాల అంటువ్యాధుల గురించి మాట్లాడాలంటే ఆ తిరిగొచ్చే ఘడియ దగ్గరే మొదలుపెట్టాలి.

మన ప్రాంతంలో గుర్రాలు తక్కువ. దేశమంతటా కూడా తగ్గిపోతున్నాయి. 2012 పశుగణనలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి 6.25 లక్షలు ఉంటే, 2019 నాటికి 3.4 లక్షలు మిగిలాయి. గుర్రాలతో పాటు వాటిని సాకే తెలివిడి కూడా పల్చబడింది. గేదెకు గొంతువాపు వస్తే ఏం చేయాలో ఊళ్లో పదిమంది చెబుతారు. గుర్రం ముక్కు నుంచి చీమిడి కారుతుంటే చెప్పేవాళ్లు దొరకరు. పశువుల డాక్టరుకు కూడా ఏడాదంతా చూసేవి ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలే. అందుకే గుర్రాన్ని నమ్ముకుని బతికే మనిషికి ఈ విషయాలు తనకు తానుగా తెలిసి ఉండాలి. ఆ మనిషి ధనవంతుడు కాడు. ఒకటో రెండో గుర్రాలు, ఇంటి పక్కన రేకుల పాక, నాలుగు నెలల ముహూర్తాల సంపాదనతో ఏడాదంతా దాణా. ఒక జబ్బు చేస్తే మొత్తం ఇల్లే కుంగిపోతుంది.

జబ్బు ఎలా వస్తుందో ముందు చూద్దాం. జమ్మూ దగ్గర కాట్రాలో వైష్ణోదేవి కొండ ఎక్కించే గుర్రాలు, కంచర గాడిదలు వేలల్లో ఉంటాయి. మన తెలుగు యాత్రికులు కూడా వాటి మీద ఎక్కి వచ్చినవాళ్లే. 2008 జూన్‌లో అక్కడ గుర్రపు ఫ్లూ పుట్టింది. అంతకుముందు ఆ జబ్బు మన దేశంలో కనిపించింది 1987లో. ఇరవై ఏళ్లు కనపడని వ్యాధి ఒక్కసారి మొదలయ్యాక 11 రాష్ట్రాల గుర్రాలకు పాకింది. ఫ్లూ తుంపరలు గాల్లో పదుల మీటర్లు పోగలవు గానీ రాష్ట్రాలు దాటలేవు. కాట్రా నుంచి 11 రాష్ట్రాలకు దాన్ని చేర్చింది బండ్లెక్కిన గుర్రాలు, వాటి వెంట తిరిగిన మనుషులు, సామాన్లు. ఎక్కించినప్పుడు వాటిలో చాలా గుర్రాలు బాగానే కనిపించి ఉంటాయి. ఎందుకంటే క్రిమి ఒంట్లో పడిన రోజుకూ లక్షణం బయటపడే రోజుకూ మధ్య ఎడం ఉంటుంది. ఫ్లూకు అది ఒకటి నుంచి మూడు రోజులు, ఒక్కోసారి ఐదు. స్ట్రాంగిల్స్ అనే గొంతు గడ్డల జబ్బుకు మూడు రోజుల నుంచి రెండు వారాలు. మనిషికీ సోకే గ్లాండర్స్‌కైతే వారాలు, నెలలు కూడా.

కరోనా కాలంలో క్వారంటైన్ అన్న మాట పల్లెపల్లెకూ చేరింది. అయితే దాన్ని, జబ్బు చేసినవాళ్లను విడిగా ఉంచడాన్నీ అందరం ఒకే మాటగా కలిపేశాం. గుర్రపు పాకలో ఈ రెండూ వేరు వేరు పనులు. జబ్బు చేసిందని తెలిసిన గుర్రాన్ని విడిగా కట్టేయడం ఒకటి. బయటి నుంచి వచ్చిన, బాగానే కనిపిస్తున్న గుర్రాన్ని కూడా కొన్నాళ్లు మిగిలినవాటితో కలపకపోవడం రెండోది. మొదటిది అందరూ ఎంతో కొంత చేస్తారు. రెండోది చేసేవాళ్లు అరుదు. నా దృష్టిలో మొత్తం రక్షణలో సగానికి పైగా ఈ రెండో పనిలోనే ఉంది.

కొత్తగా కొన్న గుర్రాన్ని, నాలుగు ఊళ్ల గుర్రాలు కలిసిన చోటు నుంచి తిరిగొచ్చిన గుర్రాన్ని పద్నాలుగు నుంచి ఇరవై ఒక్క రోజులు విడిగా ఉంచాలని పశువైద్యులు చెబుతారు. కొత్త గుర్రానికి ఇది తప్పనిసరి. రోజు మార్చి రోజు ఊరేగింపుకు పోయే గుర్రానికి మూడు వారాల విరామం కుదరదని నాకు తెలుసు. అప్పుడు చేయగలిగింది ఇది: సీజన్ ఉన్నంతకాలం బయట తిరిగే గుర్రాలను ఒక వైపు, తిరగని గుర్రాలను, చూడి గుర్రాన్ని, పిల్లలను ఇంకో వైపు ఉంచాలి. వాటి మూతులు కలవకూడదు, తొట్టి కలవకూడదు, బ్రష్షు కలవకూడదు. స్థలం ఉంటే ముప్పై అడుగుల ఎడం కంటే వంద అడుగుల ఎడం మేలు. లేకపోతే మధ్యలో గాలి చొరని గోడ ఉండాలి. అదీ లేకపోతే పెరడుకు ఆ చివర వేపచెట్టు కింద, గాలి పాకవైపు నుంచి అటు వీచేలా చూసి కట్టేయాలి. అరకొర ఏర్పాటైనా అసలు లేకపోవడం కంటే ఎన్నో రెట్లు నయం.

ఆ విడి రోజుల్లో ఏం చేయాలి? జ్వరం చూడాలి. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, ప్రతి రోజూ. మందుల షాపులో దొరికే మామూలు డిజిటల్ థర్మామీటర్ చాలు, అది గుర్రానికే ఉంచేయాలి. కొంచెం వాజలిన్ రాసి మలద్వారంలో పెట్టాలి. గుర్రం వెనక నిలబడకుండా పక్కన, తుంటికి ఆనుకుని నిలబడి, తోక పక్కకు తీసి పెట్టాలి. పెద్ద గుర్రానికి మామూలుగా 99 నుంచి 101 డిగ్రీల ఫారన్‌హీట్ మధ్య ఉంటుంది. 101.5 దాటితే అనుమానించాలి. మన కొత్తగూడెం ఎండలు ఎలాంటివో చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ గుర్రానికి, ఊరేగింపు చేసి వచ్చిన గుర్రానికి జబ్బు లేకుండానే ఒళ్లు కాలుతుంది. అందుకని తెల్లవారుజామున దాణా పెట్టకముందు, మళ్లీ రాత్రి నీడపట్టున విశ్రాంతి తీసుకున్నాక చూడాలి. చూసిన అంకెను ఒక నోటుపుస్తకంలో రాయాలి. ప్రతి గుర్రానికీ తనదైన మామూలు అంకె ఒకటి ఉంటుంది, అది రాసుకుంటేనే తెలుస్తుంది.

ఈ చిన్న పరికరం మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. స్ట్రాంగిల్స్‌లో మొదట జ్వరం వస్తుంది. దవడ కింద గడ్డ, ముక్కు నుంచి చీము తరవాత వస్తాయి. క్రిమి బయటికి రావడం మొదలయ్యేది కూడా సాధారణంగా జ్వరం వచ్చిన రెండు మూడు రోజులకు. అంటే జ్వరం తెలిసిన రోజే గుర్రాన్ని పక్కకు తీస్తే, అది ఇంకొకదానికి అంటించే లోపే ఆపినట్టు. గడ్డ కనిపించేదాకా ఆగితే ఆ రెండు రోజులూ చేజారిపోతాయి. ఫ్లూ అంత వ్యవధి ఇవ్వదు. జ్వరంతో పాటే దగ్గు, దగ్గుతో పాటే వైరస్ గాల్లోకి వస్తాయి. అయినా ఒక పూట ముందు పసిగట్టినా మిగిలిన గుర్రాలకు అది లాభమే.

ఇక మనుషుల సంగతి. 2007 ఆగస్టులో ఆస్ట్రేలియాలో జరిగింది ఇక్కడ చెప్పాలి. ఆ దేశానికి అంతవరకు గుర్రపు ఫ్లూ తెలియదు. జపాన్ నుంచి దిగిన మేలుజాతి మగ గుర్రాలను సిడ్నీ దగ్గర ఈస్టర్న్ క్రీక్ అనే ప్రభుత్వ క్వారంటైన్ కేంద్రంలో పెట్టారు. కంచె ఉంది, కాపలా ఉంది, నియమాలు ఉన్నాయి. అయినా వైరస్ బయటపడింది. కొద్ది నెలల్లో దాదాపు పది వేల చోట్ల, సుమారు 76 వేల గుర్రాలకు సోకింది. పందేలు ఆగాయి, దేశమంతటా గుర్రాల కదలికలే ఆపేయాల్సి వచ్చింది. తరవాత మాజీ న్యాయమూర్తి ఇయాన్ కాలినన్ విచారణ జరిపారు. లోపలి గుర్రాలను ముట్టుకుని, సరిగా శుభ్రం చేసుకోకుండా బయటికి వచ్చిన మనిషి మీదనో, సామాను మీదనో వైరస్ బయటికి వచ్చి ఉంటుందని ఆయన తేల్చారు. కంచె దాటి ఒక్క గుర్రం కూడా రాలేదు. చేతులు వచ్చాయి, బట్టలు వచ్చాయి.

అంత పెద్ద దేశం కేంద్రంలోనే అలా జరిగితే మన పాకలో ఏం జరుగుతుందో ఊహించవచ్చు. ఊరేగింపు అయ్యాక అదే చేత్తో కళ్లెం తీసి, అదే గుడ్డతో గుర్రం మూతి తుడిచి, ఇంటికొచ్చి అదే గుడ్డతో ఇంకో గుర్రం మూతి తుడుస్తాం. లాడాలు కొట్టే మనిషి ఒకే రోజు నాలుగు ఊళ్ల గుర్రాల గిట్టలు పట్టుకుంటాడు. అలంకారం సామాను, జీను, కళ్లెం అప్పు ఇచ్చిపుచ్చుకుంటారు. కళ్లెం గుర్రం నోట్లోనే ఉంటుంది, జొల్లు మొత్తం దానికే. మూతికి కట్టే దాణా సంచి కూడా అంతే. ఒక్కో గుర్రానికి ఒక్కో కళ్లెం, ఒక్కో బకెట్టు, ఒక్కో దాణా సంచి, వాటి మీద రంగు గుర్తు: ఇది ఖర్చు తక్కువ పని, ఫలితం చాలా ఎక్కువ.

నీళ్ల దగ్గర ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. తొట్టి వేరు చేస్తారు, బకెట్లు వేరు చేస్తారు, పైపు మాత్రం ఒకటే. పైపు కొసను ఒక బకెట్టులో ముంచి నింపి, తీసి రెండో బకెట్టులో ముంచుతారు. జబ్బు గుర్రం ముక్కు పెట్టిన నీళ్లు ఆ పైపు కొసతోనే ఆరోగ్యంగా ఉన్న గుర్రం దగ్గరికి వెళ్తాయి. పైపును నీటికి జానెడు ఎత్తున పట్టుకుని పోస్తే ఆ దారి మూసుకుపోతుంది. స్ట్రాంగిల్స్ క్రిమి తడిగా ఉన్నచోట, నీళ్లలో వారాల తరబడి బతుకుతుంది. ఎండలో, పొడి నేల మీద తొందరగా చస్తుంది. మన ఎండ ఈ ఒక్క విషయంలో మన పక్షాన ఉంది. కడిగిన సామాను నీడలో కుప్ప వేయకుండా ఎండలో ఆరేయాలి.

కడగడానికీ ఒక వరస ఉంది. లద్దె, జొల్లు, దాణా మడ్డి అంటుకున్న తొట్టి మీద బ్లీచింగ్ పౌడర్ చల్లితే ప్రయోజనం తక్కువ. ఆ మురికే బ్లీచింగ్ బలాన్ని తినేస్తుంది. ముందు సబ్బు నీళ్లతో, గట్టి బ్రష్షుతో రుద్ది కడగాలి. తరవాత లీటరు నీటికి ముప్పై గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ కలిపిన నీళ్లు పోసి పది పదిహేను నిమిషాలు ఉంచాలి. మళ్లీ మంచినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మూత తీసి నెలలు గడిచిన పౌడర్‌లో ఘాటు పోయి ఉంటుంది, దానితో పని జరగదు. పాక ముందు సున్నం గీత గీస్తే సరిపోతుందన్న నమ్మకం చాలాచోట్ల ఉంది. ఒక చెంచాడు సున్నం మీద నడిచి వెళ్లినంత మాత్రాన చెప్పులకు అంటిన లద్దెలో క్రిములు చావవు. అదే చోట బకెట్టు, సబ్బు పెట్టి చేతులు, చెప్పులు కడుక్కుని లోపలికి పోవడం నిజంగా పనిచేస్తుంది.

జబ్బు బయటపడ్డాక గుర్రాలను రెండు గుంపులుగా విడదీయడం సహజంగా తోస్తుంది: జబ్బువి, మంచివి. నిజానికి మూడు గుంపులు కావాలి. జ్వరమో చీమిడో ఉన్నవి మొదటి గుంపు. వాటి పక్కన నిలబడ్డవి, వాటి తొట్టిలో తాగినవి, కానీ ఇంకా బాగున్నవి రెండో గుంపు. ఏ సంబంధమూ లేనివి మూడో గుంపు. రెండో గుంపును మంచివాటితో కలిపితే రేపు అవే అంటిస్తాయి. జబ్బువాటితో కలిపితే సోకనివాటికి మనమే సోకించినట్టు. ముగ్గురు మనుషులు లేని ఇంట్లో ఒక్కడే మూడు గుంపుల పనీ చేయాలి. అలాంటప్పుడు వరస తప్పకూడదు. ముందు మూడో గుంపుకు దాణా, నీళ్లు, మాలీసు. తరవాత రెండో గుంపు. చివర్లో జబ్బు గుర్రం. ఆ తరవాత చేతులు కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. మళ్లీ వెనక్కి మంచి గుర్రం దగ్గరికి పోకూడదు. ఈ వరసకు పైసా ఖర్చు లేదు.

స్ట్రాంగిల్స్ గురించి ఇంకొక్క మాట. గడ్డ పగిలి, చీము పోయి, గుర్రం గుగ్గిళ్లు కడుపునిండా తింటుంటే జబ్బు పోయిందనుకుంటాం. పదింటిలో ఒకటి దాకా గుర్రాలు బాగుపడిన తరవాత కూడా తల లోపల, చెవి కింద ఉండే గాలి సంచుల్లో క్రిమిని నెలల తరబడి మోస్తాయి. పైకి ఏ లక్షణమూ ఉండదు. ఏడాది పొడుగునా పాకలో ఒకదాని తరవాత ఒకటి గుర్రాలు జబ్బుపడుతుంటే ఎవరో దిష్టి పెట్టారనుకునే ముందు, మొదట జబ్బుపడి బాగైన గుర్రాన్ని డాక్టరు చేత పరీక్ష చేయించాలి. గడ్డ గట్టిగా ఉన్నప్పుడు మందుల షాపువాడు ఇచ్చిన యాంటీబయాటిక్ సూది వేసేయడం కూడా మంచిది కాదు. కొన్ని దశల్లో అది గడ్డ పండటాన్ని ఆలస్యం చేస్తుంది. ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆగాలో డాక్టరు చెప్పాలి.

దగ్గిన ప్రతి గుర్రానికీ అంటువ్యాధి లేదు. పాల్వంచ లాంటి చోట దుమ్ము, బూడిద ఎక్కువ. ఎండుగడ్డిలో బూజు ఉంటే అదీ దగ్గు తెప్పిస్తుంది. ఒక్క గుర్రమే, జ్వరం లేకుండా, దాణా మానకుండా, రోజుల తరబడి పొడిగా దగ్గుతుంటే గాలి వైపు, గడ్డి వైపు చూడాలి. రెండు మూడు గుర్రాలు రెండు మూడు రోజుల్లోనే జ్వరంతో దగ్గడం మొదలుపెడితే ఫ్లూ వైపు చూడాలి. ఏదైనా సరే, గాలి ఆడని రేకుల పాక రెండింటినీ పెంచుతుంది. చలికాలం గోనెసంచులతో పాకను నాలుగు వైపులా మూసేయడం ప్రేమతో చేసే పనే, కానీ గుర్రానికి చలికంటే మూత్రపు ఘాటు ఎక్కువ చేటు. పాకలో మోకాళ్ల మీద కూర్చుని గడ్డి ఎత్తులో గాలి పీల్చి చూడండి. కళ్లు మండితే, పడుకున్న గుర్రం రాత్రంతా ఆ గాలే పీలుస్తోందన్నమాట. ఆ ఘాటు ఊపిరితిత్తుల గోడను దెబ్బతీస్తుంది, దెబ్బతిన్న గోడను క్రిమి సులువుగా దాటుతుంది. దూరప్రయాణాల్లో తలను పైకి బిగించి కట్టేయడం కూడా ఇలాంటి కీడే చేస్తుంది. గుర్రం తల దించితేనే ముక్కులోంచి, గొంతులోంచి మడ్డి బయటికి జారుతుంది. గంటల తరబడి తల దించనివ్వకపోతే ఆ మడ్డి ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా వస్తుంది. 2025 ఏప్రిల్ చివర, మే మొదట్లో హైదరాబాద్ నుంచి జబల్‌పూర్ దగ్గరి ఒక పల్లెకు 57 గుర్రాలను తరలించారు, వాటిలో కొన్ని అక్కడికి చేరాక చనిపోయాయి. గ్లాండర్స్ అనుమానంతో రక్త నమూనాలను హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపారు. గుంపుగా గుర్రాలు దూరం పోతే అందరి గుండెల్లో మొదట మెదిలే భయం అదే.

గ్లాండర్స్ దగ్గరికి వస్తాను, అంతకుముందు అడవి అంచున ఉన్నవాళ్లకు మాత్రమే ప్రత్యేకంగా చెప్పాల్సిన జబ్బు ఒకటుంది. సర్రా. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసింది 1897లో. అంతకు పదిహేడేళ్ల ముందే, 1880లో, గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు ఇప్పటి పాకిస్తాన్‌లో ఉన్న డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో సర్రా క్రిమిని కనిపెట్టాడు. మలేరియా క్రిమి దోమ ఒంట్లో పెరిగి పెద్దదై అప్పుడు మనిషికి ఎక్కుతుంది. సర్రా క్రిమి ఈగ ఒంట్లో పెరగదు. జోరీగ ఒక గేదెను కుడుతుంది, గేదె తోకతో కొడుతుంది, ఈగ లేచి పక్కనున్న గుర్రం మీద వాలి తన కడుపు నింపుకోవడం పూర్తి చేస్తుంది. నోటికి అంటిన రక్తంతో పాటు క్రిమి కూడా మారుతుంది. ఇదంతా నిమిషాల్లో జరగాలి, ఆలస్యమైతే ఆ రక్తంలో క్రిమి చచ్చిపోతుంది.

ఈ ఒక్క సంగతి అర్థమైతే ఏం చేయాలో దానంతట అదే తెలుస్తుంది. దూరం చాలు. ఈగకు సగం తిన్న భోజనం పక్కనే దొరకకపోతే అది అంత దూరం ఎగిరి రాదు, మొదటి పశువు మీదకే తిరిగి వాలుతుంది. ఇలాగే ఈగ నోటితో పాకే ఇంకో రక్తజబ్బు, అశ్వ రక్తహీనత, సోకిన గుర్రాలను అమెరికాలో మిగిలినవాటికి 200 గజాల దూరంలో ఉంచుతారు. మనకు అంత స్థలం లేకపోవచ్చు. కానీ గుర్రాన్ని గేదెల కొట్టంలోనే కట్టేసే అలవాటు మాత్రం మానుకోవాలి. గేదె, ఆవు సర్రాను పైకి పెద్దగా తెలియకుండా మోస్తాయి, గుర్రం మాత్రం చికిత్స లేకపోతే చనిపోతుంది. వానాకాలం, వానలు వెనకబట్టాక కిన్నెరసాని వైపు మేతకు వదిలేటప్పుడు ఇంకా జాగ్రత్త. జోరీగలు పగటి వెలుతురులో కుడతాయి, కాబట్టి ఎండ ముదరక ముందే మేపి పాకలో నీడన కట్టేయాలి. వేపాకు పొగ పాక బయట, గాలివాలుకు పెట్టాలి. లోపల పెడితే ఈగలతో పాటు గుర్రం ఊపిరీ ఆగుతుంది. లద్దె, కుళ్లిన గడ్డి కలిసిన కుప్పలో కుట్టే ఈగలు గుడ్లు పెడతాయి, దాన్ని రోజూ తీసి దూరంగా ఎరువు గుంటలో వేయాలి.

జోరీగ చేసే పనినే మనం సూదితో చేస్తాం. ఒకే సిరంజితో వరసగా నాలుగు గుర్రాలకు ఇంజెక్షన్ వేయడం అంటే నాలుగింటి రక్తం కలపడమే. ఒక గుర్రానికి ఒక సూది. ఈ ఒక్కదాంట్లో మినహాయింపు ఉండకూడదు.

సర్రాలో జ్వరం వచ్చి పోతూ ఉంటుంది. మేత మానదు, కానీ చిక్కిపోతుంది. కాళ్లు, పొట్ట అడుగు నీరు పట్టి వాస్తాయి, కంటి లోపలి పొర పాలిపోతుంది, వెనక కాళ్లు తడబడతాయి. జ్వరం ఉన్న పూటే రక్తం తీసి గాజు పలక మీద పూసి చూస్తే క్రిమి కనిపించే అవకాశం ఎక్కువ. అందుకే నోటుపుస్తకంలో జ్వరం రాసుకోవాలన్నది. మందులున్నాయి, త్వరగా పట్టుకుంటే గుర్రం దక్కుతుంది. మనుషులకు ఇది సోకడం చాలా చాలా అరుదు. 2004లో మన ఆసిఫాబాద్‌కు అవతల, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు సోకినట్టు తేలింది. చికిత్సతో ఆయన కోలుకున్నాడు.

గ్లాండర్స్ అలాంటిది కాదు. గుర్రానికి చికిత్స చేయరు, టీకా లేదు, మనిషికి కూడా అంటుకుంటుంది, చికిత్స అందకపోతే మనిషి ప్రాణం తీస్తుంది. ముక్కులో ఒక పక్క నుంచి జిగటగా పసుపు చీము, ముక్కు లోపల పుండ్లు, కాళ్ల మీద తాడులా సాగిన గడ్డలు పగిలి మానకపోవడం దీని గుర్తులు. కొన్ని గుర్రాలు నెలల తరబడి కొద్దిపాటి దగ్గుతోనే తిరుగుతూ, తాగిన తొట్టిని, తిన్న దాణాను పాడుచేస్తుంటాయి. ఎక్కువగా సోకేది కూడా ఆ తొట్టి నుంచీ దాణా నుంచే. పోయిందనుకున్న ఈ జబ్బు 2006లో మహారాష్ట్రలో మళ్లీ తలెత్తింది, మరుసటి ఏడాదికల్లా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా మరికొన్ని రాష్ట్రాల్లో కనిపించింది. 2009 నాటి జంతువుల అంటువ్యాధుల నివారణ చట్టం ప్రకారం అనుమానం వచ్చిన వెంటనే యజమాని ఊరి అధికారికో పంచాయతీకో చెప్పాలి, వాళ్లు పశువైద్యాధికారికి చేరవేయాలి. పరీక్షలో తేలితే ఆ గుర్రాన్ని బాధ లేకుండా చంపి లోతుగా పాతిపెడతారు, చుట్టుపక్కల గుర్రాలన్నింటికీ రక్తపరీక్షలు చేస్తారు, వాటి కదలికలను ఆపేస్తారు.

ఇక్కడే అసలు చిక్కు. చెబితే గుర్రం పోతుంది. చెప్పకపోతే గుర్రంతో పాటు పక్కవాడి గుర్రం, ఒక్కోసారి దాన్ని తోమే కుర్రాడు పోవచ్చు. నాలుగు డబ్బుల కోసం గుర్రాన్ని పెంచుకున్నవాడు దాచాలనుకోవడం నాకు అర్థమవుతుంది. నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటు ప్రభుత్వానికి ఉంది. ఆ సొమ్ము గుర్రం ఖరీదుకు దగ్గరగా ఉండాలి, నెలలు తిప్పకుండా చేతికి రావాలి. ఇది దయతో ఇచ్చే డబ్బుగా చూస్తే తప్పు. జబ్బు దాచకుండా బయటపెట్టిన మనిషికి ఊరంతా కట్టాల్సిన బాకీ అది. పరిహారం సరిగా అందిన చోటే సమాచారం సరిగా అందుతుంది. అనుమానం ఉన్న గుర్రం ముక్కును ఉత్త చేతులతో ముట్టుకోకూడదు. గ్లౌజులు, మాస్కు వేసుకున్న ఒక్క మనిషే దాని పని చూడాలి, చేతికి గాయం ఉన్నవాళ్లు, పిల్లలు దగ్గరికి పోకూడదు. దాన్ని ఊరేగింపుకు తీసుకెళ్లడం నేరంతో సమానం, పెళ్లి పందిట్లో దాని మూతి నిమిరేది చిన్నపిల్లలే.

టీకాల మాట కొంచెమే ఉంది. ఫ్లూకు టీకా ఉంది, పందెపు గుర్రాల లోకంలో దాన్ని మామూలుగా వేయిస్తారు. ఊరేగింపు గుర్రాలకు వేయించేవాళ్లు తక్కువ. ధనుర్వాతం అంటువ్యాధి కాదు గానీ గుర్రం అంత తేలిగ్గా దానికి బలయ్యే జంతువు ఇంకోటి లేదు, ఆ టీకా మాత్రం తప్పక వేయించాలి. టీకా ఎప్పుడు వేశారో అదే నోటుపుస్తకంలో ఉండాలి.

జ్వరం 101.5 దాటిన ఉదయం చేయాల్సింది ఇది. గుర్రాన్ని విడిగా కట్టాలి. ఆ రోజు ఏ గుర్రమూ పాక దాటకూడదు, ఏ గుర్రమూ లోపలికి రాకూడదు. మిగిలిన అన్నింటి జ్వరం చూసి రాయాలి. పశువుల ఆసుపత్రికి, లేకపోతే 1962 నంబరుకు ఫోన్ చేసి మూడు సంగతులు చెప్పాలి: ఎన్ని గుర్రాలు, ఎన్నింటికి జ్వరం, గడచిన మూడు వారాల్లో అవి ఎక్కడెక్కడికి పోయి వచ్చాయి. మూడో ప్రశ్నకు జవాబు చెప్పగలిగితే డాక్టరు పని సగం అయినట్టే. అశ్వారావుపేటలో పెళ్లి, మణుగూరులో ఊరేగింపు, భద్రాచలంలో ఒక రాత్రి ఫలానావాళ్ల గుర్రాల పక్కన కట్టేశాం అని తేదీలతో చెబితే, ఆ ఫలానావాళ్లను కూడా అప్రమత్తం చేయవచ్చు. ఫ్లూ వచ్చిన గుర్రానికి జ్వరం ఎన్ని రోజులు ఉంటే అన్ని వారాలు విశ్రాంతి ఇవ్వాలన్నది పాత లెక్క, ఇప్పటికీ అదే మంచి లెక్క. మూడు రోజుల జ్వరానికి మూడు వారాలు. మధ్యలో ఊరేగింపుకు దింపితే దగ్గు ఊపిరితిత్తుల్లో దిగబడి గుర్రం ఎందుకూ పనికిరాకుండా పోతుంది.

మూడు వారాల కిరాయిలు పోతే ఆ ఇంటికి దాణా ఎక్కడి నుంచి వస్తుందన్నది న్యాయమైన ప్రశ్న. ఒక్కొక్కరుగా దీనికి జవాబు లేదు, కలిస్తే ఉంది. కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం చుట్టుపక్కల ఈ పని చేసే కుటుంబాలు ఒకరికొకరు తెలిసినవాళ్లే అయి ఉంటారు. ఊరి చివర ఒక ఖాళీ జాగాలో అందరూ కలిసి ఒక విడి పాక వేసుకోవచ్చు, ఏ ఇంట్లో గుర్రానికి జ్వరం వచ్చినా అది ఆ పాకకు పోతుంది. దాని బదులు ఆ పెళ్లికి ఇంకొకరి గుర్రం వెళ్తుంది. వచ్చిన కిరాయిలో సగం, ఆగిపోయిన గుర్రం ఉన్న ఇంటికి అందుతుంది. ఈ ఒప్పందం ముహూర్తాలు మొదలు కాకముందే, జబ్బు ఎవరింట్లోనూ లేనప్పుడే కుదుర్చుకోవాలి. జ్వరం ఒక ఇంట్లో దిగాక ఎవరి భయం వాళ్లది, అప్పుడు మాట కుదరదు.